కెమెరా పట్టిన చెయ్యి

ఈమధ్య నా చేతికి కెమెరా బదులు పెన్ను ఇచ్చారు. ఏలూరులో నేను పనిచేసే ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ మూల ఒక స్టూలు వేసి, దాని మీద నన్ను కూర్చోబెట్టి, అట్టకి క్లిప్పు పెట్టిన కాయితం ఒకటి ఒళ్ళో పెడతారు. కొత్తగా చేరిన నర్సులూ టెక్నీషియన్లూ సర్జన్ పక్కన నిలబడి కెమెరా పట్టుకుంటుంటే నేను మార్కులు వేయాలి. బొమ్మని తెర మధ్యలో ఉంచుతున్నారా, ఎప్పుడు దగ్గరికి వెళ్ళాలో ఎప్పుడు వెనక్కి రావాలో తెలుస్తోందా, లెన్స్ మసకబారితే ఎవరూ చెప్పకముందే తుడుస్తున్నారా, బొమ్మ ఒరగకుండా సమంగా నిలుస్తోందా, ఇలా ఉంటాయి ప్రశ్నలు. అన్నిటికన్నా కింద ఒక గడి. సర్జన్ ఎన్నిసార్లు నోరు విప్పి చెప్పాల్సి వచ్చిందో అందులో రాయాలి. ఆ అంకె ఎంత తక్కువైతే పట్టుకున్నవాళ్ళు అంత గట్టివాళ్ళని లెక్క.

నేను మంచి పరీక్షకురాలిని కాను. నాకు ఓపిక తక్కువ. ఎదుటివాళ్ళ చెయ్యి కాస్త వణికితే చాలు, లేచి కెమెరా లాక్కోవాలనిపిస్తుంది. మొన్న ఒకమ్మాయి తెరంతా పొగమంచు పట్టినట్టు మసకైపోయినా సర్జన్ గారు చెప్పేదాకా లెన్స్ తుడవలేదు. "నీ కళ్ళజోడు మసకబారినా ఎవరో ఒకరు వచ్చి చెప్పాలా అమ్మా?" అనేశాను, పైకే. థియేటరంతా నవ్వింది, ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తర్వాత కాఫీ ఇప్పించి సముదాయించాను గానీ మార్కు మాత్రం వేయలేదు.

ఈ పని గురించి తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. ఇప్పుడు గాల్ బ్లాడర్ తీయాలంటే పొట్ట కోసేయడం లేదు కదా. నాలుగు చిన్న కన్నాలు పెడతారు. బొడ్డు దగ్గర కన్నంలోంచి సన్నటి గొట్టం లోపలికి వెళ్తుంది. ఆ గొట్టం వెనక కెమెరా ఉంటుంది. సర్జన్ రెండు చేతులూ పనిముట్ల మీద ఉంటాయి, చూపు మాత్రం ఎదురుగా ఉన్న తెర మీద. ఆ తెర మీద ఏం కనబడాలో పక్కన కెమెరా పట్టుకున్న మనిషి చెయ్యే నిర్ణయిస్తుంది. ఆ చెయ్యి ఒక్క పిసరు తిరిగినా లోపల పైనేదో కిందేదో తికమకైపోతుంది. పేషెంటుకి ఆ మనిషి ఎవరో తెలియదు. డిశ్చార్జి కాయితంలో పేరు ఉండదు. నేను పదహారేళ్ళకి పైగా ఆ మనిషిని.

ఈ పని వల్ల నాకు ఇంకెందుకూ పనికిరాని కళ్ళు వచ్చాయని మా ఆయన వెక్కిరిస్తారు. చుట్టాల పెళ్ళి వీడియో పెడితే పది నిమిషాలు చూడలేను. వీడియో తీసినవాడు తాళి కట్టే వేళకి పందిరి గుంజ చూపిస్తాడు, అక్షింతలు పడుతుంటే ఎవరిదో బట్టతల చూపిస్తాడు. ఆయన హాయిగా చూస్తూ ఉంటారు, నేను గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళిపోతాను.

నాకు ఈ పని నేర్పింది తాడేపల్లిగూడెంలో ఒక సర్జన్ గారు. నేర్పారనడం కూడా సరికాదు. ఇద్దరం కలిసి నేర్చుకున్నాం.

మాది మండవల్లి దాటాక కొల్లేటి అంచున ఒక ఊరు. నాన్న కొన్నాళ్ళు వరి వేసి, తర్వాత అందరిలాగే చెరువు తవ్వి చేపలు వేశారు. నేను ఏలూరులో నర్సింగ్ చదివి తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. అప్పుడే సార్ బయట ఎక్కడో ఈ కొత్త పద్ధతి శిక్షణ తీసుకుని వచ్చారు. మొదటి కేసు రోజు కెమెరా పట్టుకోవలసిన డాక్టరు రాలేదు. పేషెంటు బల్ల మీద ఉన్నాడు. సార్ అటూ ఇటూ చూసి, "ఏవండీ సిస్టర్ గారూ, మీరు పట్టుకుంటారా?" అన్నారు.

"నాకు రాదండీ."

"నాకు మాత్రం వచ్చిందేమిటండీ, శిక్షణలో నాలుగు కేసులేగా చేశాను. పట్టుకోండి, ఇద్దరం చూద్దాం."

పురోహితుల కుటుంబం ఆయనది. తండ్రిగారు పంచాంగం చూసి ముహూర్తాలు పెట్టేవారట. అందుకేనేమో అంత నెమ్మది. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దవారు, పెద్ద డాక్టరు, అయినా ఒక్కనాడు నన్ను నువ్వు అనలేదు. మొదటి ఏడాది ఆయన నోరు ఊరుకునేది కాదు. "కొంచెం పైకండీ. అబ్బే, అంత కాదండీ. దగ్గరికి రండి. ఆ, అక్కడే ఉండండి." రెండో ఏడాదికి మాటలు సగమయ్యాయి. మూడో ఏడాదికి ఒక్క మాట కూడా అవసరం లేకపోయింది. ఆయన భుజం కదిలే తీరుని బట్టి నాకు తెలిసిపోయేది, ఇప్పుడు కత్తెర వస్తుంది, వెనక్కి జరగాలి. ఊపిరి బిగబట్టారంటే సన్నటి నాళం దగ్గరికి వచ్చారని, దగ్గరగా చూపించాలని. వేడినీళ్ళ గిన్నె నా పక్కనే ఉండేది. లెన్స్ ముంచి, తుడిచి, మళ్ళీ లోపలికి పెట్టేసరికి ఆయన పనిముట్లు ఉన్నచోటే ఆగి ఉండేవి. మేమిద్దరం దాన్ని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అలా నోరు ఖాళీ అయ్యాక కబుర్లకి చోటు దొరికింది. కష్టమైన భాగం అయిపోయి కుట్లు వేసే వేళకి, "మీ కొల్లేరు ఎలా ఉందండీ?" అని మొదలెట్టేవారు. నీళ్ళు ఎంతవరకూ వచ్చాయి, గూడబాతులు దిగాయా, కొరమీను ఇంకా దొరుకుతోందా. ఆయన చేప ముట్టరు. "తినని చేపల మీద అంత ఆరా ఎందుకండీ సార్" అంటే, "తినేవాళ్ళు రుచి అడుగుతారు, నాలాంటివాళ్ళు క్షేమం అడుగుతారండీ" అనేవారు. వాళ్ళది నల్లజర్ల వైపు మెట్ట. పల్లపువాళ్ళకి నీళ్ళు ఎక్కువై బాధ, మాకు లేక బాధ అని నన్ను ఏడిపించేవారు. నేను ఊరుకునేదాన్ని కాదు, మీ మెట్టవాళ్ళకి ఈత రాదని అనేదాన్ని.

గాల్ బ్లాడర్ కేసులో సర్జనూ కెమెరా పట్టుకునేవాళ్ళూ పేషెంటుకి ఒకే పక్కన, ఇరుగ్గా నిలబడాలి. నేను ఆయన ఎడమ పక్కన. గంటా గంటన్నర మోచెయ్యి మోచెయ్యి తగులుతూ ఒకే తెర వైపు చూస్తూ నిలబడేవాళ్ళం. ఆయన లవంగం నమిలేవారు, ముక్కుకి కట్టిన గుడ్డలోంచి కూడా ఆ వాసన వచ్చేది. దీన్ని ఏమంటారని ఎవరైనా అడిగితే నాకు కోపం వస్తుంది. నాకు సంసారం ఉంది, మా ఆయన అంటే ఇష్టం ఉంది. అది వేరు. ఒక మనిషి ఏం చూడాలనుకుంటున్నాడో అతను అనుకోకముందే చూపించగలగడం, అది నాకు మరెవరితోనూ దొరకలేదు. ఇంట్లో కూడా దొరకలేదు. ఇప్పుడు ఏలూరు థియేటర్లో స్టూలు మీద కూర్చుని లవంగం వాసన కోసం ముక్కు వెతుకుతూ ఉంటుంది, నేను ఒప్పుకుంటున్నాను.

మధ్యలో ఒకసారి సార్ స్కూటర్ మీంచి పడ్డారు. కాలవ గట్టు మీద గేదెలు అడ్డం వచ్చాయి. మెడకి పట్టీ వేసుకుని రెండు నెలలు ఇంట్లో ఉన్నారు. తిరిగి వచ్చిన రోజు మేమందరం గుమ్మం దగ్గర నిలబడ్డాం. తల ఎడమ భుజం వైపు కాస్త వాలి ఉంది. అందరికీ కనబడింది. "ఏమాత్రం తేడా లేదండీ, మునుపటిలాగే ఉన్నారు" అని అందరం ఒక్క గొంతుతో అన్నాం. ఆయన సంతోషించారు. నాలుగు రోజులకి మా కళ్ళకీ అలవాటైపోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ వాలు ఎవరికీ కనబడలేదు, ఆయనకైతే అసలే కనబడలేదు.

మా జతకి పద్నాలుగో ఏడు నడుస్తుండగా ఆసుపత్రివాళ్ళు ఏదో నాణ్యత సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టారు. దాని కోసం అన్నిటికీ పరీక్షలే. చేతులు కడిగే తీరుకి పరీక్ష, మందుల బీరువాకి పరీక్ష. కెమెరా పట్టుకునేవాళ్ళకి కూడా పెట్టారు. బయటినుంచి ఒకాయన వచ్చి చూసి మార్కులు వేస్తాడు. రెండుసార్లు తప్పితే థియేటర్ నుంచి తీసి వార్డులో వేస్తారు, కెమెరాకి సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్ని పెట్టుకుంటారు. ఈ మాట చెప్పినప్పుడు నేను నవ్వాను. నాకు పరీక్ష ఏమిటి?

పరీక్షకుడు వచ్చాడు. సన్నటి మనిషి, మర్యాదస్తుడు, ఏమీ మాట్లాడడు. మూల స్టూలు మీద కూర్చుని, తెర వైపు చూస్తూ రాసుకుంటూ పోయాడు. ఆ రోజు కేసు వెన్నలా జరిగిపోయింది. సార్ ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. అంత బాగా ఇంకెన్నడూ పట్టుకోలేదేమో అనుకుంటూ బయటికొచ్చాను. ఆ సన్నటి మనిషి నా చేతికి కాయితం ఇచ్చాడు. అన్నిటికీ నిండా మార్కులు, ఒక్కదానికి సున్నా. బొమ్మ సమంగా నిలిపి ఉంచడం దగ్గర సున్నా. అది తప్పనిసరి అంశమట, అది పోతే మొత్తం పోయినట్టే. రెండు వారాల్లో మళ్ళీ వస్తానని రాశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పద్నాలుగేళ్ళండీ! మీరు పుస్తకంలో చదివినన్ని లేవు, నేను పట్టుకున్న కేసులు!" అన్నాను వరండాలోనే. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "రికార్డింగ్ ఒకసారి చూడండి మేడమ్" అని మాత్రం అన్నాడు.

చూశాను. మా దగ్గర కొత్తగా చేరిన డాక్టరమ్మ ఒకామె ఉండేది, సార్ దగ్గర పని నేర్చుకుంటూ. ఆ అమ్మాయీ నేనూ మధ్యాహ్నం కంప్యూటర్ గదిలో కూర్చున్నాం. ఆమె తెర మీద అడ్డంగా ఒక స్కేలు పెట్టింది. తెరకి పైభాగాన ఉండాల్సిన పొట్టగోడ ఎడమ పక్కకి దిగి ఉంది. ఎక్కువేం కాదు. గడియారంలో పన్నెండు దగ్గర ఉండాల్సిన ముల్లు రెండు నిమిషాలు వెనక్కి ఉన్నట్టు. మొదట్నుంచి చివరిదాకా అంతే, ఒక్క క్షణం కూడా అటూ ఇటూ కాలేదు. చెయ్యి వణికినవాళ్ళది అలా ఉండదు. అది ఎవరో కావాలని పట్టుకున్నట్టు ఉంది. నేను కావాలని పట్టుకోలేదు.

పాత పెన్ డ్రైవులు తీయించాను. స్కూటర్ మీంచి పడకముందు కేసుల్లో బొమ్మ నిటారుగా ఉంది. పడ్డ తర్వాత మొదటి నెలలో కాస్త, తర్వాత ఇంకాస్త, అలా ఒక చోటికి వచ్చి నిలబడిపోయింది.

కిందికి దిగి వచ్చేసరికి సార్ క్యాంటీన్లో కాఫీ తాగుతూ గోడకున్న టీవీ చూస్తున్నారు. తల ఎడమ భుజం వైపు వాలి ఉంది. గడియారంలో రెండు నిమిషాలంత. నేను ఆయన ఎడమ పక్కన ఏళ్ళ తరబడి నిలబడి, ఆ తల ఎంత వాలిందో బొమ్మనీ అంతే వాల్చి చూపిస్తున్నాను. నా చెయ్యి నన్ను అడక్కుండానే ఆ పని చేసేసింది. ఆయనకి అన్నీ నిటారుగా కనబడుతున్నాయి.

నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. ముందు పొంగిపోయాను. భయం తర్వాత వేసింది.

"సార్‌తో చెబుదామా అక్కా?" అంది నాతోపాటు దిగొచ్చిన డాక్టరమ్మ, గొంతు తగ్గించి.

"ఏమని చెబుతారు? మీ మెడ వంకరగా ఉందండీ అనా?"

ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. అలాంటి మాట మా వైపు పెద్దవాళ్ళ మొహం మీద ఎవరంటారు? ఆమె ఇంకో సంగతి చెప్పింది. సార్ పక్కన ఉండి ఆమెతో చేయించినప్పుడల్లా పనిముట్లు అనుకున్న చోటికి వెళ్ళేవి కావట. తనకి చేతివాటం లేదని, ఈ పనికి పనికిరానని ఇంటికెళ్ళి ఏడ్చేదట. "ఒరిగిన బొమ్మ మీద నేర్చుకుంటున్నానని నాకేం తెలుసు అక్కా. మీరు సమంగా పట్టుకోండి. సార్‌కి ఒకటి రెండు కేసుల్లో కళ్ళు సర్దుకుంటాయి."

అందులో న్యాయం ఉంది. కానీ నేను న్యాయం కోసం ఒప్పుకోలేదు. మళ్ళీ తప్పితే నన్ను వార్డులో వేస్తారు. ఆ ఎడమ పక్కన ఇంకెవరో నిలబడతారు. సార్ పక్కన ఉండాలంటే బొమ్మ నిటారుగా నిలబెట్టాలి, అంతే నాకు కనబడింది.

మా ఆయన తెలిసిన తాపీమేస్త్రీని అడిగి రసమట్టం తెచ్చిపెట్టారు, గోడ సమంగా ఉందో లేదో చూసే పనిముట్టు, గాజుగొట్టంలో బుడగ మధ్యకి వస్తే సమంగా ఉన్నట్టు. దాన్ని టార్చిలైటుకి రబ్బరు బ్యాండుతో కట్టుకుని రోజూ పొద్దున్న వంటయ్యాక గంటసేపు నిలబడేదాన్ని. కళ్ళు మూసుకుని పట్టుకుని, తెరిచి చూస్తే బుడగ ఎప్పుడూ ఒక పక్కకే పోయి ఉండేది. నా చెయ్యి సార్‌ని మర్చిపోవడానికి పది రోజులు పట్టింది. పదకొండో రోజు బుడగ మధ్యలో నిలబడింది. మా ఆయన చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఏదో తప్పు చేసినట్టే ఉంది.

రెండో పరీక్ష రోజు పేషెంటు ఉంగుటూరు వైపు నుంచి వచ్చిన ఒక రైతు భార్య. స్టూలు మీద ఆ సన్నటి మనిషి. కెమెరా ముందు తెల్లటి గాజుగుడ్డ పెట్టి రంగు సరిచూసుకున్నాం, కెమెరా లోపలికి వెళ్ళింది. బొమ్మ నిటారుగా నిలబడింది. సార్ ఒక్కసారి తల వెనక్కి తీశారు, మళ్ళీ ముందుకి వచ్చారు. పని మొదలెట్టారు. పనిముట్టు వెళ్ళాల్సిన చోటికి కాకుండా కాస్త పక్కకి వెళ్ళింది. సర్దుకున్నారు. మళ్ళీ పక్కకి. ఆయన ఊపిరి నాకు వినబడుతోంది. పద్నాలుగేళ్ళలో ఎప్పుడూ అంత నెమ్మదిగా చేయలేదు. ఏదో అనబోయినట్టు నా వైపు చూశారు. స్టూలు వైపు చూశారు. ఏమీ అనలేదు.

నా చేతికి తెలుసు, ఆ రెండు నిమిషాలంత వాల్చితే చాలు, ఆయనకి అంతా సరిపోతుంది. వేళ్ళు తిరగబోయాయి. నేను బిగబట్టాను. కాసేపు, ఈ ఒక్క పరీక్ష అయ్యేదాకా, అనుకున్నాను.

నాళానికి క్లిప్పు వేయాల్సిన చోటికి వచ్చేసరికి సార్ ఆగారు. పనిముట్లు మెల్లగా బయటికి తీశారు. "డాక్టరు గారూ, నాకు భుజం పట్టేసిందండీ. మిగతాది మీరు కానివ్వండి, నేను ఇక్కడే ఉంటాను" అన్నారు. డాక్టరమ్మ ఆయన చోటికి వచ్చింది. నిటారు బొమ్మ మీద ఆ అమ్మాయి చేతులు పరిగెత్తాయి. అరగంటలో పూర్తయింది. పేషెంటు మూడోనాడు నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది.

నాకు అన్ని అంశాల్లోనూ నిండా మార్కులు వచ్చాయి. చివరి గడిలో కూడా సున్నాయే. సర్జన్ నన్ను ఒక్కసారి కూడా సరిదిద్దాల్సి రాలేదు.

తర్వాతి సోమవారం సార్ ఇక ఓపీ మాత్రమే చూస్తానని ఆసుపత్రివాళ్ళకి చెప్పేశారు. భుజం బాగాలేదన్నారు. మూడు నెలలకి అది కూడా మానేసి నల్లజర్లలో తోట చూసుకుంటానని వెళ్ళిపోయారు. దండ వేశాం, ఫోటో దిగాం. అందులో నేను ఆయన ఎడమ పక్కనే నిలబడ్డాను. తన చేతులే తప్పాయని ఆయన అనుకునేలా చేశానని, ఆ స్టూలు మీద మనిషి ముందే ఆయన్ని ఒంటరిగా వదిలేశానని నన్ను లోపల తొలిచేస్తూనే ఉంది. సర్టిఫికెట్ ఉందిగా, ఏలూరులో పెద్ద ఆసుపత్రివాళ్ళు పిలిచారు. పొద్దున్నే పాసింజరెక్కి, సాయంత్రం పాసింజరుకి తిరిగి వచ్చేదాన్ని. అక్కడి సర్జన్లు మంచివాళ్ళే, బాగా చేస్తారు. ఎవరూ కొల్లేటి క్షేమం అడగరు. భీమడోలు దాటాక కిటికీలోంచి చేపల చెరువులు కనబడితే సార్‌తో చెప్పడానికి ఏదో ఒకటి పోగుచేసుకునేదాన్ని, ఈ ఏడు గూడబాతులు ముందే వచ్చాయండీ అనో, ఫలానా చోట గట్టు తెగిందండీ అనో. చెప్పడానికి మనిషి లేరు. ఫోను చేయొచ్చు కదా అంటారు మా ఆయన. ఫోనులో ఏం చెబుతాం, ఆ పక్కన నిలబడి చెప్పాలి గానీ.

రెండేళ్ళు అలాగే గడిచాయి. ఈ వానలు వెనకబట్టాక ఇక ఆగలేక ఒక ఆదివారం నల్లజర్ల బస్సెక్కాను. సార్‌తో చెప్పేయాలనే వెళ్ళాను. ఆ రోజు బొమ్మ కావాలని మార్చింది నేనేనండీ, మీ చేతుల్లో లోపమేం లేదండీ అని. వాక్యాలు కూడా వరసగా పేర్చుకున్నాను. మెడ అనే మాట రాకుండా ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచించాను, దొరకలేదు.

తోట ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడ్డారు, నేను వద్దండీ వద్దండీ అంటున్నా వినలేదు. వంటావిడ చేత కాఫీ పెట్టించారు. కోకో కాయలు కోసి చూపించారు. కొల్లేటి కబుర్లు రెండేళ్ళవీ ఒక్క గంటలో అడిగేశారు, నేను చెప్పేశాను. అంత సుఖంగా నేను మాట్లాడి రెండేళ్ళయింది. ఇక అసలు సంగతి ఎత్తుదామని గ్లాసు కింద పెట్టాను. ఈలోగా ఆయనే గొంతు తగ్గించి అడిగారు.

"మీ చెయ్యి ఇప్పుడెలా ఉందండీ?"

"నా చెయ్యా అండీ?"

"అదేనండీ. ఇన్నాళ్ళూ అడగలేదు, అడిగితే చిన్నబుచ్చుకుంటారని. ఆ పరీక్ష రోజు మొదలెట్టిన దగ్గర్నుంచీ బొమ్మ కుడికి ఒరిగిపోయింది చూడండీ. పద్నాలుగేళ్ళలో మీ చేతిలో బొమ్మ ఒరగడం నేను చూళ్ళేదు. పాపం మణికట్టు పోతోంది కాబోలు, ఎవరికీ చెప్పుకోలేక పట్టుకుంటున్నారు కాబోలు అనిపించింది. సరిచేయండి అందామంటే ఆయన అక్కడ పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. నేను నోరు తెరిస్తే మీకు మార్కు పోతుంది."

"అందుకని భుజం పట్టేసిందన్నారా అండీ?" అన్నాను.

"మరేం చేయనండీ" అని నవ్వారు. "ఆ డాక్టరమ్మవి కుర్రకళ్ళు, ఎలా ఒరిగినా సర్దుకున్నాయి. నాకు కుదరలేదు."

"ఆ తర్వాత కూడా మానేశారేమిటండీ?"

"నేను బల్ల దగ్గర ఉన్నన్నాళ్ళూ మీరు సెలవు పెడతారా? పెట్టరు. ఇంకెవరినైనా పట్టుకోమంటే మీ మనసు ఎంత కష్టపడుతుంది? నాకూ వేరేవాళ్ళతో చేసే ఓపిక లేదు, వయసు వచ్చిందిగా. నేను తప్పుకుంటే మీ చేతికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది, అదే సర్దుకుంటుంది అనుకున్నాను."

ఆయన తల ఎడమకి వాల్చి, నా మొహంలోకి చూస్తూ జవాబు కోసం ఆగారు. ఆయన పక్కన ఉండాలని నేను చేసిన పనికి ఆయన నా కోసం బల్ల వదిలేశారు. ఇద్దరిలో ఎవరం ఒక్క మాట అన్నా ఆగిపోయేది. ఒక్క మాట. మేం అంత మర్యాదస్తులం. ఇప్పుడైనా చెప్పొచ్చు, నోటిదాకా వచ్చింది. చెబితే మెడ సంగతి తెలుస్తుంది, నా చేతికోసం మానుకున్న రెండేళ్ళూ ఉత్తపుణ్యానికి పోయాయని తెలుస్తుంది. చెప్పకపోతే నా చేతికి మచ్చ. నా చెయ్యిని ఒక్క మాట అంటే వరండాలో పోట్లాడిన మనిషిని నేను. నాకు ఈ లోకంలో గొప్ప అంటూ ఉన్నది ఆ చెయ్యి ఒక్కటే.

"తగ్గిందండీ సార్" అన్నాను. "ఇప్పుడు అసలు నొప్పే లేదు."

ఆయన మొహం విప్పారింది. "అనుకున్నానండీ. నేనే తొందరపడ్డాను. ఇంకొక్క ఆరు నెలలు చూసి ఉంటే మనిద్దరం ఇంకా చేసుకుంటూ ఉండేవాళ్ళం."

"ఆయ్, ఉండేవాళ్ళమండీ" అన్నాను. కాఫీ గ్లాసులు కడిగేస్తానని చెప్పి లోపలికి వెళ్ళి, కుళాయి విప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చాను.